దేవుడికి మామ్మ చెప్పిన ఉత్తరం

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా ఇంటి కింది గది మామ్మది. పైన మేముంటాం. కింద ఎప్పుడూ మాకు తెలియనివాళ్లే, శ్రీకాకుళం వైపు నుంచి వైద్యానికి వచ్చినవాళ్లు. రోగి మంచం మీద, తోడొచ్చిన మనిషి చాప మీద, సింహాద్రి అప్పన్న గోడ మీది పటంలో. ముగ్గురిలో ఎవరూ అద్దె ఇవ్వరు.

నాన్న పసివాడిగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే మామ్మ ఈ ఊరు తెచ్చిందట. వాట్‌గంజ్‌లో ఎవరో వరండాలో చోటిచ్చారు. అక్కడ మొక్కుకుంది, నాకో గదంటూ ఇస్తే నాలాంటివాళ్లకే వదిలేస్తానని. అప్పన్న ఇచ్చాడు. ఇచ్చేముందు ఆవిడ చేత సగం కలకత్తా వీధులు ఊడ్పించాడు, అది వేరే సంగతి.

తను పోయాక కూడా గది అలాగే నడవాలని మామ్మ పట్టు. నాన్నకు ఆ గదిలో జిరాక్స్ కొట్టు కనిపిస్తుంది. నాకు తలుపేసుకుని పడుకునే చోటు కనిపిస్తుంది. అందుకే వీలునామా.

మామ్మకున్నది చేపల బేరానికి సరిపోయే బెంగాలీ. మొదటిసారి వెళ్లినప్పుడు వకీలు “దేబోత్తర్ చేసేయండి మాసిమా” అన్నాడు. అంటే ఆస్తిని దేవుడి పేరున రాసేయడం. మామ్మ చెవికి అది దేవుడికి ఉత్తరంలా వినిపించింది. ఆ సంగతి మాకు రెండోసారి వెళ్లినప్పుడు గానీ తెలియలేదు.

వకీలు కలం తీసి, చెప్పమన్నాడు. మామ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

“సింహాద్రి అప్పన్నకి దండాలు. ఇక్కడ అందరం చేమం. అక్కడ నువ్వూ చేమమనుకుంతన్నాను.”

వకీలు నావైపు తిరిగాడు. “ఎవరితో మాట్లాడుతున్నారు?”

“ఇంటి కొత్త యజమానితో, దాదా.”

“నాను పోయినాక గదిలోకి జబ్బోళ్లనే రానియ్యి. డబ్బులడక్కు. బిందెలో నీళ్లుండేలా సూడు. మావోడు కొట్టెడతానంతాడు, ఒప్పుకోకు.”

“అమ్మా, నానిక్కడే ఉన్నాను,” అన్నాడు నాన్న.

“తెల్సురా. అందికే గట్టిగా సెప్తన్నాను.”

నేను బెంగాలీలోకి మారుస్తుంటే వకీలు రాసుకుంటూ పోయాడు. అంతా అయ్యాక దేబోత్తర్ అంటే అసలు అర్థమేమిటో మామ్మకు చెప్పాను.

“అయితే నా ఉత్తరం దండగేటి?”

దండగ కాదన్నాడు వకీలు. గది దేవుడిది, అమ్మడానికి ఎవరికీ హక్కుండదు, వాడకం మాత్రం ఆవిడ చెప్పినట్టే. షరతులన్నీ ఉత్తరంలోనే దొరికాయట. క్షేమసమాచారం ఒక్కటే వదిలేశాడు. కానీ బిందె దేవుడు నింపడు కదా, ఆయన తరఫున చూసుకునే మనిషి ఎవరని అడిగాడు.

నాన్న ఫ్యాను వైపు చూశాడు. మామ్మ నన్ను చూపించింది.

“నన్నా? ఏ సంగతైనా నవ్వులాటే నీకని తిడతావుగా!”

“జబ్బోళ్లకాడికి ఏడుపుమొకం ఎందుకురా? ఏడుపు ఆళ్లే తెచ్చుకుంతారు.”

వకీలు నా పూర్తిపేరు అడిగి రాసుకున్నాడు. తలుపేసుకుని పడుకునే చోటు అలా పోయింది.

ఇంటికొచ్చే బస్సులో మామ్మ, రేపు కింది గది తలగడ గలీబులు నన్ను ఉతకమంది.

“వీలునామా నువ్వు పోయాక కదే చెల్లేది!”

“అప్పుడు సబ్బెంతెయ్యాలో ఎవర్నడుగుతావు?”