షెడ్డు కింద తడి

మొయినాబాద్ దాటి ఆలూరు వైపు పోయే దారిలో మేం చిన్న స్థలం కొన్నప్పుడు నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. వారమంతా తెర ముందు కూర్చుని ఇతరుల తప్పులు వెతకడం, శని, ఆదివారాలు ఇక్కడికొచ్చి బెండ, టమాటా మొక్కల మధ్య తిరగడం. పారలు, పైపులు, ఎరువు బస్తాలు పెట్టుకోవడానికి ఒక షెడ్డు కావలసి వచ్చింది.

చేవెళ్ల మేస్త్రిని పిలిచి పునాది సంగతి అడిగాను.

"కాంక్రీట్ బెడ్డు పోస్తే గట్టిగుంటది మేడం. కాని పైన రేకులే గదా, గంత అవసరం లేదు. జానెడు తవ్వి, మొరం పోసి, దిమ్మిసతో గట్టిగ కొట్టి షాబాద్ బండలు పరుద్దాం. రేపు షెడ్డు పక్కకు జరుపుకోవాలన్నా బండలు లేపుకోవచ్చు."

లేపుకోవచ్చు అన్న మాట నాకు నచ్చింది. చోటు నేనే చూపించాను. ఎండాకాలంలో కూడా గడ్డి పచ్చగా ఉండే తూర్పు మూల.

షెడ్డు లేచిన రెండు వారాలకు, మిట్టమధ్యాహ్నం తలుపు తీస్తే నడుమ బండలు తడిగా ఉన్నాయి. పైపు కారలేదు. వాన ఊసే లేదు. గుడ్డతో తుడిచాను. మళ్లీ వారం వచ్చేసరికి మళ్లీ తడి. ఈసారి దాని ఆకారం చూశాను. గుండ్రంగా, అంచు చెదరకుండా ఉంది.

"ఎరువు బస్తాల చెమ్మ అయ్యుంటుంది" అన్నాడు మా ఆయన.

ఉద్యోగం నేర్పిన అలవాటు కొద్దీ ఆ అంచు వెంట సుద్దముక్కతో గీత గీశాను. మరో వారానికి తడి సరిగ్గా గీత దాకా వచ్చి ఆగి ఉంది. నడిమి బండ వేలెడు దిగింది.

పార కర్రతో కొట్టి చూశాను. అంచు బండలు టక్కుమన్నాయి. నడిమివి ఖాళీ కాగులా మోగాయి. కొట్టడం ఆపాక కింద మట్టి రాలిన చప్పుడు వినిపించింది. కాసేపటికి, ఎక్కడో చాలా లోతున, బుడుంగుమంది.

వెనక్కి తిరగాలన్నా భయమేసింది. అలాగే వెనక్కి అడుగులేస్తూ బయటికొచ్చాను.

పక్క చేని అవ్వ కంచె దగ్గర నిలబడి ఉంది. కూతురి కాన్పుకని ఆమె ఊరు పోయి, నెలన్నర తర్వాత ఆ పొద్దునే వచ్చిందట.

"బిడ్డా, బావి మీద కట్టినవా?"

"ఏ బావి అవ్వా?"

"మేమందరం నీళ్లు తోడుకున్న బావి. జాగ అమ్మేటోడు చదునుగ కనవడాలని కొమ్మలు, చెత్త ఏసి మీద మట్టి కప్పిండు. నీళ్లు ఎక్కడ పోతయి?" నన్నే చూస్తూ అంది, "ఇప్పుడు కొట్టింది నువ్వేనా? నా కాళ్ల కింద ఇనవడ్డది. ఎవరో కింద నుండి కొట్టినట్టు."

ప్రతి శనివారం తడి తుడిచి ఆ నడిమి బండ మీదే కూర్చుని విత్తనాలు ఏరుకునేదాన్ని.

మర్నాడు మేస్త్రి వచ్చి రెండు బండల సందులోంచి పొడవాటి ఇనుప చువ్వ దించాడు. ఎక్కడా అడ్డు తగల్లేదు. చువ్వ చేతిలోంచి జారిపోయింది. చప్పుడు కోసం ఇద్దరం చెవులు రిక్కించాం. చప్పుడు వచ్చాక అతను చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"మేడం, మెల్లగ బయటికి నడువుండ్రి. గట్టిగ అడుగెయ్యకుండ్రి."

తలుపు దగ్గరే నిలబడి సామాను కర్రతో లాక్కున్నాం. రేకులు బయటినుంచే విప్పించాం. మూడో రోజు స్థలం అవతలి చివర అన్నం తింటున్నాం. పెద్ద శబ్దమేమీ లేదు. తలెత్తి చూస్తే షెడ్డు ఉన్న చోట నేల లేదు.

దగ్గరికి పోయి చూశాం. బావి రాతి కట్టు చెక్కుచెదరలేదు. లోపలికి దిగే మెట్లు, అడుగున నల్లటి నీళ్లు. మూడో మెట్టు మీద మా షాబాద్ బండ ఒకటి, ఎవరో తెచ్చి పరిచినట్టు, పగలకుండా ఉంది.

కొత్త షెడ్డు పడమటి వైపు వేశాం. అడుగడుక్కీ చువ్వ దించి చూశాకే కాంక్రీట్ పోయనిచ్చాను. బావిని పూడ్చలేదు; చుట్టూ గోడ కట్టి ఇనుప జాలీ వేయించాం.

జాలీ బిగించిన రోజు అవ్వ వచ్చి లోపలికి తొంగి చూసింది.

"నీళ్లు ఇంకా తియ్యగనే ఉన్నయో ఏమో" అంది.

తోడి చూద్దామని ఆమె అనలేదు. నేనూ అనలేదు.