ముప్ఫయ్యో పీలిక

ఆవిడ్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ షూటింగ్ క్లబ్బులో ఎవరూ లేరు. సెక్రటరీ నుంచి గేటు దగ్గరి కాపలావాడి దాకా అందరికీ పీలికలమ్మే. ఇరవై రెండేళ్ళుగా తుపాకి గొట్టాల్లో గుడ్డపీలికలు తోసి తీసే మనిషిని ఇంకేమని పిలుస్తారు మరి!

తుపాకి తుడవడమంటే బీరువా మీద దుమ్ము దులపడం కాదు. సీసం తూటా పోయిన దారంతా సీసం అంటుకుంటుంది, దాని మీద మందు కాలిన మసి పడుతుంది. నూనె పోసి, ఇత్తడి బ్రష్షుతో గీకి, ఊచకి పీలిక తగిలించి తోస్తూ ఉండాలి. పీలిక తెల్లగా వస్తే పని అయినట్టు, నల్లగా వస్తే ఇంకా ఉన్నట్టు.

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చప్పుడు భరించలేకపోతున్నామని గొడవ చేశాక, క్లబ్బువాళ్ళు రైఫిలు గొట్టాల మీద ఇంకో గొట్టం తొడిగించారు. పీలికలమ్మ వాటిని ముసుగు గొట్టాలు అనేది. అక్కడి నుంచి మొదలైంది తంటా. అసలు గొట్టం మూతి ముసుగు లోపల జానెడు వెనక్కి ఉంటుంది. ఊచ నుంచి పీలిక జారి ఆ సందులో పడిందా, బయటికి కనపడదు. ఒకసారి అలాగే ఎవరో పీలిక వదిలేస్తే, తూటా దానికి తగిలి ముసుగు చీలింది. ముక్క ఎగిరి పక్కనున్నవాడి చెంప కోసుకుపోయింది. కన్ను వెంట్రుకవాసిలో తప్పింది.

ఆ రోజు నుంచి ఆవిడకి లెక్క పట్టుకుంది. రైఫిలుకి ఐదు పీలికలు, ఆరు రైఫిళ్ళకి ముప్ఫై. వాడినవన్నీ రైఫిళ్ళ వరుసలోనే ఒకదాని మీద ఒకటి ఒక రేకు డబ్బాలో పడాలి, ముప్ఫయ్యీ లెక్కకి రావాలి, అప్పుడే రైఫిళ్ళు గది దాటాలి. "లోపలికి పోయింది బయటికి రావాల్సిందే. మా ఆయన కోపంలా లోపలే ఉండిపోతానంటే కుదరదు" అనేది.

ఇంత పకడ్బందీ మనిషికీ ఒక దొంగతనం ఉంది. ఎనిమిది నెలలుగా ఆవిడకి చూపు ఆనడం లేదు. రెండు కళ్ళకీ పొర కమ్మింది. పీలిక తెలుపో నలుపో తెలియదు. మునివేళ్ళతో పని నెట్టుకొస్తోంది. సీసముంటే ఊచ గరగరమంటుంది, అది చేతికి తెలుస్తుంది. మసి చేతికి తెలియదు. చూపు సరిగా లేనివాళ్ళ దగ్గర ఆయుధాల గది తాళంచెవి ఉండకూడదని క్లబ్బు నియమం. పైగా కోడలు ఆ క్లబ్బులోనే షూటరు, ఫైనల్‌కి వచ్చింది. మొదటి ఇద్దరికే జట్టులో చోటు. ఈ పోటీ ఒక్కటీ గట్టెక్కనీ, కళ్ళు డాక్టరుకి చూపించుకుందాం అనుకుంది పిచ్చి తల్లి.

ఆ కోడలికి మతిమరుపు జాస్తి. రైఫిళ్ళు తుడిచి పెట్టగానే గదిలోకి వచ్చేది. ఒకరోజు పెన్ను మర్చిపోయానంటుంది, ఒకరోజు నీళ్ళసీసా అంటుంది. ఫైనల్ రోజు ఉదయం గ్లోవు కోసం వచ్చింది.

"తల మర్చిపోలేదు, నయం!" అంది పీలికలమ్మ.

"అది మీ అబ్బాయి దగ్గర భద్రంగా ఉందిలెండి అత్తయ్యా" అని నవ్వి, బల్ల దగ్గర కాసేపు తచ్చాడి, మైకులో తన పేరు పిలిచేసరికి పరుగెత్తింది.

ఆ వెనకే సెక్రటరీ ఊడిపడ్డాడు. ముఖ్య అతిథి వచ్చేశాడట, రైఫిళ్ళు ఇంకా రాలేదేమిటట.

"లెక్క చూసుకోలేదు సార్, రెండు నిమిషాలు."

"మీ లెక్క తగలెయ్య! ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తగ్గిందా?" అంటూ మనుషుల్ని పెట్టి ఆరు రైఫిళ్ళూ మోయించేశాడు.

ఆవిడ డబ్బా ముందు కూర్చుంది. మైకులో జడ్జి గొంతు వినిపించింది. సిద్ధం కావడానికి ఎనిమిది నిమిషాలు. లెక్క చూసుకోవడానికి అది చాలుననే అనిపించింది ఆవిడకి. ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి పక్కన పెట్టింది. ఇరవై తొమ్మిది.  మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిదే. ఏప్రాన్ జేబులు తిరగేసింది, మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తడిమింది. ఎక్కడా లేదు.

అంటే ఆరింటిలో ఏదో ఒక దాని ముసుగులో ఉంది.

మైకు నాలుగు నిమిషాలంది. వెళ్ళి ఆపితే ఎందుకు ఆపావంటారు. లెక్క తప్పిందంటే, ఇన్నేళ్ళూ తప్పనిది ఇవాళ ఎందుకు తప్పిందంటారు. కళ్ళ సంగతి బయటపడుతుంది. ఊరుకుంటుందా లోకం? కోడలి ఫైనల్‌ని అత్తే చెడగొట్టిందంటారు. అత్త మంచీ వేము తీపూ లేదని ఊరికే అన్నారా! ఒక్క పీలిక ఎక్కడో గాలికి పోయి ఉంటుందిలే అని ఒక్క క్షణం కూర్చుండిపోయింది. ఆ క్షణంలోనే చెంప పట్టుకుని కూలబడ్డ ఆ పాత మనిషి గుర్తొచ్చాడు. నిజం చెబితే తాళంచెవి పోతుంది, చెప్పకపోతే ఎవరి కన్నో పోతుంది.

లేచింది. గోడ పట్టుకుని నడవాలో పరుగెత్తింది. మెట్టు కనపడక తూలింది, మోకాలు కొట్టుకుంది, అయినా ఆగలేదు. మైకు ఒక్క నిమిషం అన్నప్పుడు కాల్పుల చోటికి తెరుచుకునే ఎర్ర తలుపు తోసింది.

"ఆపండి! ఎవరూ కాల్చొద్దు! ఆపండి!"

జడ్జి మేడం ఆపమని ఆదేశమిచ్చింది. రైఫిళ్ళు కింద పెట్టించి, షూటర్లను వెనక్కి నిలబెట్టింది. సెక్రటరీ ముఖం కందగడ్డయింది.

"ఏమ్మా, మతి పోయిందా?"

"పీలిక ఒకటి తగ్గింది సార్. ఏ గొట్టంలో ఉందో తెలియదు. అన్నిటి ముసుగులూ విప్పించండి."

"కళ్ళు పెట్టుకుని చూడలేదా?"

"ఆ కళ్ళే లేవు సార్." "ఎనిమిది నెలలుగా చూపు ఆనడం లేదు. చెప్తే తాళంచెవి తీసేసుకుంటారని దాచాను. తప్పు నాది, నా కోడలిది కాదు."

జడ్జి మేడం టార్చి తెప్పించి ముసుగులు విప్పించింది. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు.

కాల్పుల చప్పుడు వినపడకుండా కోడలి చెవుల్లో బిరడాలున్నాయి. ఎందుకు ఆపారో ఆ పిల్లకి తెలియలేదు. మూడోది విప్పుతుండగా బిరడా తీసి పక్కమ్మాయిని అడిగింది. విన్నదో లేదో రంగు మారి ముందుకొచ్చింది.

"విప్పొద్దు మేడం. అది నా దగ్గరుంది."

షూటర్లు తొడుక్కునే బిగుతు జాకెట్టు జేబులోంచి నలిగిన గుడ్డముక్క తీసింది.

"అత్తయ్యకి చూపు ఆనడం లేదని నాకు తెలుసు. అడిగితే నొచ్చుకుంటారని రోజూ ఏదో వంక పెట్టుకుని వెళ్ళి, డబ్బాలో పీలికలు చూసి వచ్చేదాన్ని. ఏ రైఫిలు చివరి పీలిక నల్లగా ఉంటే, అత్తయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆ రైఫిలు నా గుడ్డతో ఇంకోసారి తుడిచేదాన్ని. ఇవాళ నా రైఫిలు చివరి పీలికే నల్లగా వచ్చింది. తుడిచే టైము లేదు. సెక్రటరీ గారి కంట పడకూడదని జేబులో వేసుకున్నాను. లెక్క సంగతి తట్టలేదు అత్తయ్యా."

"మసి గొట్టంతోనే కాలుద్దామనుకున్నావా?" అంది పీలికలమ్మ.

"కొంచెం గురి తప్పేది, అంతే కదా."

"అంతేనట! జట్టులో చోటు నీకు అంత తేరగా ఉందా?" అని కసిరింది గానీ, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. దొంగకి దొంగ తోడంటే ఇదే కాబోలు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, ఒకరి కోసం ఒకరు దాచుకున్నారు.

జడ్జి మేడం మెత్తబడలేదు. పోటీ ముందు డబ్బాలో చెయ్యి పెట్టినందుకు కోడలికి రెండు పాయింట్లు కోసింది. మసి గొట్టం శుభ్రం చేసుకోవడానికి పదిహేను నిమిషాలిచ్చింది. ఫైనల్లో రెండు పాయింట్లంటే మాటలు కాదు, గెలవడం కష్టమే. సెక్రటరీ చెయ్యి చాపకముందే పీలికలమ్మ మెడలోంచి తాళంచెవి తీసి అతని ముందు పెట్టింది.

"ఈ ఒక్కటీ తుడిచి వెళ్తాను సార్."

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. పీలికలమ్మ ఊచకి పీలిక తగిలించి తోసి, వెనక్కి లాగి, కోడలికి చూపించింది. ఎనిమిది నెలల్లో ఎవరినీ అడగని మాట అడిగింది.

"ఏం రంగు?"

"నలుపు అత్తయ్యా."

నాలుగు పీలికలు పోయాయి. అయిదోది బూడిదరంగు అంది కోడలు. మైకు మూడు నిమిషాలంది. ఆరోది తీస్తూ పీలికలమ్మ మనసులో, ఈ పిల్ల తెలుపని చెప్పేస్తే బాగుండు, టైము అయిపోతోంది, అనుకుంది.

"చెప్పు, తెలుపేనా?"

కోడలు దీపం కిందికి వంగి చూసింది.

"ఇంకా కాస్త నలుపుంది అత్తయ్యా. ఇంకోటి తొయ్యండి."

పీలికలమ్మ ఆరోదాన్ని డబ్బాలో వేసి, కొత్తది తీసుకుంది.

"ఏడు" అంది పైకి.