ఉప్పుగాలిలో కెమెరా

బీచ్‌లో ఫొటోలు తీసే ఆయన్ని తోటివాళ్లు ‘బాలింత’ అంటారు. కెమెరాని పాత తువ్వాలులో చుట్టి, గుండెలకి హత్తుకుని, గాలికి వీపు పెట్టి నడుస్తాడు మరి. పొడి ఇసుక దాటి అడుగు వేయడు. కెమెరా ముట్టుకునే ముందు వేళ్లు మంచినీళ్లతో కడుక్కుని, చొక్కా లోపలివైపు తుడుచుకుంటాడు. కన్నకొడుకు అడిగినా దాన్ని చేతికివ్వడు. “ఇసుకైతే దులిపితే పోతుంది. ఉప్పు పట్టిందా, ఇక అంతే సంగతులు,” అంటాడు.

నిన్న సాయంత్రం వయసు మళ్లిన అక్కాచెల్లెళ్లిద్దరు నీళ్లలో నిలబడి ఫొటో తీయించుకున్నారు. సరిగ్గా అప్పుడే అల వచ్చి మీద పడితే అక్క పకపకా నవ్వింది. ఫొటో చూడాలని చెల్లెలు గబగబా ఒడ్డుకొచ్చి, ఆయన వద్దనేలోపే తడిచేతులతో కెమెరా లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకుంది. పట్టీ మెడలోనే ఉండటంతో ఆయనా కెమెరాతోపాటు వంగాల్సి వచ్చింది. కసురుకోవడానికి నోరు తెరిచాడు.

“బావ పోయాక మా అక్క ఇలా నవ్వడం ఇదే మొదటిసారి,” అందామె, తెర మీది ముఖాన్ని బొటనవేలితో నిమురుతూ. అంతలోనే ఉలిక్కిపడింది. “అయ్యో, తడి చేసేశానా బాబూ?”

“ఉప్పునీళ్లేగా అమ్మా, తుడిస్తే పోతాయి,” అన్నాడు బాలింత, వంగిన మెడ ఎత్తకుండానే.