అమ్మాయిలే ఎంచుకునే హాస్టల్

మా చెల్లి పన్నెండో తరగతిలో ఉండగా సిడ్నీలో ఒక యూనివర్సిటీ ఆవరణలో ఉన్న ఆడపిల్లల కాలేజీకి దరఖాస్తు పెట్టింది. కాలేజీ అన్నది పేరుకే. అక్కడ పాఠాలు చెప్పరు. పాఠాలు యూనిలో, తిండీ నిద్రా ఇక్కడ. మమ్మీ మొదటి నుంచీ దాన్ని హాస్టల్ అనే అంది. అదే సరైన మాట కూడా. కాకపోతే ఫీజు కట్టినంత మాత్రాన ఇక్కడ గది ఇవ్వరు. ముందు ఇంటర్వ్యూ ఉంటుంది, తర్వాత లాన్‌లో టీ. ఆ టీకి అప్పటికే అక్కడ ఉంటున్న అమ్మాయిలు వచ్చి కొత్తవాళ్ళతో కబుర్లు చెప్తారు. ఎవరు తమతో కలిసి ఉంటే బాగుంటుందో రాసిస్తారు. వాళ్ళు రాసినదానికే విలువ ఎక్కువ.

చెల్లికి కావలసింది కూడా ఆ అమ్మాయిలే. సిడ్నీకి దూరంగా, మా ఇల్లున్న టూవూంబాలో తను చదివిన స్కూల్లో తనకు ఒకే ఒక స్నేహితురాలు ఉండేది, ఒక మలయాళీ నర్సు కూతురు. టెన్త్‌లో వాళ్ళ కుటుంబం పెర్త్ వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మా చెల్లి లంచ్ టైంలో లైబ్రరీలో కూర్చునేది. లైబ్రరీలో తినకూడదు కాబట్టి తీసుకెళ్ళిన డబ్బా ఇంటికి తిరిగి వచ్చాక గరాజ్‌లో నిలబడి తినేది. నేనొకసారి సిడ్నీ నుంచి వచ్చినప్పుడు ఆ తినడం చూశాను. "మమ్మీకి చెప్పకు అన్నయ్యా, ప్లీజ్," అంది. ఆ తర్వాత తన ఫోన్‌లో ఆ కాలేజీ వీడియో చూపించింది. పొడుగాటి భోజనం బల్ల, రెండు వైపులా అమ్మాయిలు, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. బల్ల చివర్లో ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి కనిపిస్తే అక్కడ ఆపింది.

ఇలాంటి ఇంటర్వ్యూలకి తయారుచేసే కన్సల్టెంట్ సంగతి మమ్మీ హాస్పిటల్‌లో విని వచ్చింది. తనతో పనిచేసే డాక్టర్ ఆంటీ కూతురికి ఇలాంటి కాలేజీలోనే సీటొచ్చిందట. దానికి ముందు ఒకావిడ దగ్గర శిక్షణ తీసుకుందట. ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలి, టీలో ఎలా మసలాలి, అన్నీ ఆవిడే నేర్పుతుందట.

"స్నేహం చేసుకోడానిక్కూడా కోచింగేంటి మమ్మీ?" అన్నాన్నేను.

"నీకు మ్యాథ్స్‌కి పెట్టించలా? నేను ఇంగ్లీషు పరీక్ష కోచింగ్ లేకుండానే గట్టెక్కానా? మీ డాడీకి డ్రైవింగ్ వచ్చి కూడా ఇక్కడ మళ్ళీ నేర్పే మనిషిని పెట్టుకున్నాం గదరా. పిల్లని ఊరికే అలా పంపించేస్తామా?"

డాడీ మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు. "అది కరెక్టే," అన్నారు. మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. మా ఇంట్లో పరీక్ష అంటే కోచింగ్ అనే అర్థం. కష్టపడితే రానిదంటూ ఉంటుందని మేం ఎప్పుడూ అనుకోలేదు.

ఆ నెల నేను టూవూంబా నుంచే ఆఫీసు పని చేసుకుంటున్నాను. అందుకని ఆ వీడియో కాల్స్ దాదాపు అన్నీ విన్నాను. కన్సల్టెంట్ మంచిదే. ఒకప్పుడు తనూ అలాంటి కాలేజీలో ఉండి చదువుకున్న మనిషి. నెమ్మదిగా మాట్లాడేది, చెల్లి తడబడితే ఆగేది. ఆవిడ మాటలు ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"ఏం చేస్తుంటే నీకు టైం తెలియదు?" అని అడిగింది మొదటి రోజు.

"పాడుతుంటే. చర్చ్‌లో."

"బాగుంది. కానీ చర్చ్ అనగానే కొంతమందికి కాస్త దూరంగా అనిపిస్తుంది. మీకు దీపావళి ఉంటుంది కదా? దీపాలు, రంగులు, స్వీట్లు. అమ్మాయిలకి అదంటే చాలా ఇష్టం."

"వియ్ డోంట్ డూ దివాలీ," అంది చెల్లి.

కెమెరాకి కనిపించకుండా స్టవ్ దగ్గర ఉన్న మమ్మీ గరిటె ఎత్తి గుసగుసగా అరిచింది. "గట్టిగా చెప్పవే! మీ తాత తండ్రి కాలం నుంచీ చర్చివాళ్ళమని చెప్పు!"

కాల్ అయిపోయాక మమ్మీ చాలాసేపు చేపల పులుసు కలుపుతూ ఆలోచించింది. తర్వాత బయటికి వచ్చి, "ఒసేయ్, భీమవరంలో పక్కింటోళ్ళు దీపావళికి మనకి స్వీట్లు పంపేవోరు. ఆ స్వీట్లు తినేవాళ్ళమని చెప్పొచ్చు. అబద్ధం కాదుగా?" అంది.

"నేను పుట్టిందే ఇక్కడ మమ్మీ. ఐ వాజంట్ ఈవెన్ దేర్."

"నీ తరఫున నేను తిన్నాన్లే."

ముగ్గురం నవ్వాం. ఆ వ్యవహారం మొత్తంలో మేం కలిసి నవ్వింది అప్పుడే అనుకుంటాను.

తర్వాతి వారం కాల్ సమయానికి మమ్మీ డ్యూటీలో ఉంది. "ఇక్కడికే ఎందుకు రావాలనుకుంటున్నావు?" అని అడిగింది కన్సల్టెంట్. చెల్లి తల తిప్పి వంటింటి వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"స్కూల్లో నాకు ఎవరూ లేరు. అక్కడైతే ఉంటారని," అంది.

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఈ మాట నాతో చెప్పినందుకు థాంక్స్," అంది. నిజంగానే జాలి పడిందని గొంతులో తెలిసింది. "కానీ అక్కడ మాత్రం ఈ మాట రానీయకు. ఫ్రెండ్స్ ఉన్నవాళ్ళతోనే అందరూ ఫ్రెండ్‌షిప్ చేస్తారు. ఇది న్యాయం అని నేననను. ఇన్నేళ్ళుగా నేను చూసింది ఇదే."

దాని బదులు ఏం చెప్పాలో ఇద్దరూ కలిసి తయారు చేశారు. నాకు మంచి స్నేహితుల గుంపు ఉంది, ఆ సందడిని ఇక్కడికి కూడా తీసుకురావాలని ఉంది. ఇదీ జవాబు.

నేను రైల్వే సిగ్నళ్ళు పరీక్షించే పనిలో ఉన్నాను. ఒక సిగ్నల్ ఎన్ని రకాలుగా తప్పు చూపించగలదో ముందే ఊహించి, ఒక్కో రకాన్నీ పరీక్షించి చూడటం మా పని. చెల్లి దగ్గరా అదే పద్ధతి పెట్టాను. ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్నలు, టీలో వచ్చే ప్రశ్నలు, ఎవరూ ఏమీ అడగనప్పుడు తనే మొదలుపెట్టాల్సిన మాటలు. విడివిడిగా రాసి, ఆ కాలేజీ అమ్మాయిలా నటిస్తూ నేనే అడిగేవాణ్ణి.

"అన్నయ్యా, యూ సౌండ్ లైక్ ఏ కాప్," అనేది.

రోజులు గడిచేకొద్దీ తడబాటు పోయింది. లేని స్నేహితుల గురించి అడిగితే వివరాలు కూడా వచ్చేవి. ఒకమ్మాయి గుర్రపు స్వారీ చేస్తుంది. ఇంకొకమ్మాయి ఎక్కడికైనా ఆలస్యంగానే వస్తుంది, అందుకని తనకి అరగంట ముందు టైం చెప్తారు. మరో అమ్మాయికి బ్రేకప్ అయితే అందరూ కలిసి వాళ్ళింట్లో పడుకున్నారు.

"ఎవరు వీళ్ళంతా?" అన్నాను ఒకరోజు.

"ఎవరో," అంది. "వాళ్ళు బాగుంటారు అన్నయ్యా." ఆ మాట అన్నప్పుడు కన్సల్టెంట్ నేర్పిన నవ్వు కాదు, తన మామూలు నవ్వే వచ్చింది.

ఇంటర్వ్యూకి చెల్లి సిడ్నీ వచ్చి పెండిల్ హిల్‌లో నా దగ్గరే దిగింది. నేను గేటు దాకా వెళ్ళి, ఎదురుగా బస్ స్టాప్‌లో కూర్చున్నాను. అక్కడి నుంచి లాన్‌లో తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు కనిపించాయి. అమ్మాయిల్లో మా చెల్లి ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను.

తిరుగు రైల్లో తనే చెప్పింది, అలసిపోయి, కానీ గెలిచిన మనిషిలా. ఇంటర్వ్యూ బాగా జరిగింది. టీ దగ్గర రెండో ఏడాది అమ్మాయి ఒకతె పక్కన కూర్చుంది. కాస్త బొద్దుగా, గోళ్ళు కొరుక్కుంటూ ఉండే అమ్మాయి. మాటల మధ్యలో ఆ అమ్మాయి, "నిజం చెప్పనా, మా స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇక్కడికి వచ్చాకే నాకు మనుషులు దొరికారు. నీకు ఎలా ఉండేది?" అని అడిగిందట.

"నువ్వేమన్నావు?"

"నాకెప్పుడూ ఆ ప్రాబ్లం రాలేదని చెప్పా. మా గ్యాంగ్ గురించి చెప్పా. హార్స్ గర్ల్ గురించి కూడా." నా ముఖం వైపు చూసింది. "ఐ డిడంట్ స్లిప్ అన్నయ్యా. ఒక్కసారి కూడా."

"ఆ అమ్మాయి ఏమంది?"

"దట్స్ నైస్ అంది. తర్వాత టీ నింపుకుంటానని లేచి వెళ్ళింది." కిటికీ వైపు తిరిగింది. "మళ్ళీ రాలేదు."

నేను ఏదో అనబోయేలోపు మమ్మీ ఫోన్ వచ్చింది. చెల్లి స్పీకర్ పెట్టి, "సూపర్‌గా అయింది మమ్మీ," అంది.

టూవూంబాలో మా తెలుగు చర్చి సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అద్దె హాల్లో కూడుతుంది. పాటల తర్వాత సాక్ష్యాలు ఉంటాయి. వీసా వచ్చినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు, ఇల్లు కొన్నవాళ్ళు ముందుకొచ్చి దేవుడికి కృతజ్ఞత చెప్తారు. ఎవరైనా అయ్యాకే చెప్తారు. మా మమ్మీ ఫలితం రాకముందే లేచింది. ఆ ఆదివారం నేను లేను. డాడీ ఫోన్‌లో చెప్పారు.

"మా పాపకి సిడ్నీ హాస్టల్‌లో సీటు వచ్చిందని విశ్వాసంతో ముందే సాక్ష్యం చెప్తున్నా అందిరా మీ మమ్మీ. అందరూ చప్పట్లు కొట్టేశారు. కేకు కూడా తెప్పిస్తానంది."

"చెల్లి?"

"పాటల పుస్తకంలో మొహం పెట్టుకుని కూర్చుంది."

స్కూలు చదువు ముగిసిన వారంలో ఈమెయిల్ వచ్చింది. చెల్లి ఒక్క మాట కూడా రాయకుండా దాన్ని నాకు పంపింది. చాలా మంచి దరఖాస్తులు వచ్చాయి, ఈసారి చోటు ఇవ్వలేకపోతున్నాం, మీ భవిష్యత్తుకి శుభాకాంక్షలు. కారణం లేదు. మా పనిలో ఒక సిగ్నల్ ఫెయిలైతే ఎక్కడ, ఎందుకు, ఏ పరిస్థితిలో అని రాయకుండా కాగితం కదలదు. అలవాటు కొద్దీ కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి అడిగాను. ఆవిడ బాధపడింది, తెలిసినవాళ్ళని కనుక్కుంటానంది, రెండు రోజులకి తనే ఫోన్ చేసింది.

"ఇంటర్వ్యూలో మంచి మార్కులే. టీ దగ్గరే వెనకబడింది. చాలా బాగా మాట్లాడింది కానీ తనతో పరిచయం అయినట్టు అనిపించలేదు అని ఒకమ్మాయి రాసిందట." ఆగి, "కొంచెం ఎక్కువ ప్రాక్టీస్ అయిందేమో. వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నిద్దామంటే నేను సిద్ధం," అంది.

ఆ సంగతి చెల్లికి ఎలా చెప్పాలా అనుకుంటూ ఆ శనివారం ఇంటికి వెళ్ళాను. చెప్పాల్సిన పని పడలేదు. "ఆ గోళ్ళు కొరుక్కునే అమ్మాయే కదా?" అంది గుమ్మంలోనే.

ఆదివారం హాల్ ముందు కారు ఆపాక ఎవరూ దిగలేదు. మమ్మీ ముందు సీట్లోంచే చెప్పింది. "ఎవరన్నా అడిగితే, దేవుడు ఇంతకంటే మంచిది దాచిపెట్టాడని చెప్పు తల్లీ. నవ్వుతూ చెప్పు."

"మమ్మీ," అంది చెల్లి. తర్వాతిది తెలుగులో, వెతుక్కుంటూ చెప్పింది. "నాకు ఫ్రెండ్స్ లేరు. స్కూల్లో ఎవరూ లేరు. టెన్త్ నుంచి. అందుకే అడిగాను ఆ హాస్టల్."

మమ్మీ సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగింది. "అదేంటే? ఆ పిల్లలందరూ? అన్నయ్యతో చెప్పేదానివి కదా రోజూ, నేను గదిలోంచి వింటూనే ఉన్నా. గుర్రం ఎక్కే పిల్ల, బ్రేకప్ అయిన పిల్ల..."

"దే ఆర్ నాట్ రియల్ మమ్మీ."

"ఆ బ్రేకప్ పిల్ల కోసం ప్రార్థన కూడా చేస్తున్నానే నేను!"

నవ్వాల్సిన మాటే. ఎవరికీ నవ్వు రాలేదు. డాడీ స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి ముందుకు చూస్తున్నారు.

"మేమున్నాం కదమ్మా," అంది మమ్మీ చివరికి.

"ఐ నో," అని చెల్లి తలుపు తీసి దిగింది.

సాక్ష్యాల సమయంలో మమ్మీ లేచింది. తప్పు దిద్దుకోవాలనుకుందో, ఊరుకోలేకపోయిందో నాకు తెలియదు. సీటు రాలేదని చెప్పింది. కళ్ళు తుడుచుకుని, "మా పాపకి స్నేహితులు లేరు, దయచేసి మీరందరూ ప్రార్థనలో పెట్టుకోండి," అంది. హాలంతా ఆమెన్ అంది. భోజనాల దగ్గర ఆంటీలు తమ కూతుళ్ళని ఒక్కొక్కళ్ళనే మా చెల్లి పక్కకి పంపారు. "గో సిట్ విత్ అక్క," అనడం నాకు వినిపించింది. ఆ పిల్లలు బుద్ధిగా వచ్చి కూర్చుని, బిర్యానీ తిని, ఫోన్లు చూసుకుని, వాళ్ళ మమ్మీలు పిలవగానే లేచి వెళ్ళారు. చెల్లి ప్రతి ఒక్కరినీ ఏం చదువుతున్నావని అడిగింది.

ఇప్పుడు తను టూవూంబాలోనే యూనికి వెళ్తోంది. మమ్మీ డ్యూటీకి వెళ్తూ దింపుతుంది. ఇంట్లో ఎవరూ ఆ హాస్టల్ మాట ఎత్తరు. డాడీ ఒక్కరే ఒకసారి, చర్చ్‌లో పాడటం ఎందుకు మానేశావని అడిగారట. గొంతు బాగాలేదందట. నేను పని రోజుల్లో లంచ్ టైంకి తనకి ఫోన్ చేస్తుంటాను. బిజీగా ఉండి, పక్కన ఎవరైనా ఉండి, ఎత్తకపోతే బాగుండునని అనుకుంటూ చేస్తాను. మొదటి రింగుకే ఎత్తుతుంది.