వడగళ్ళ లోయలో చిరుత

రస్ అల్ ఖైమా వెనక కొండల్లో చిరుతపులులున్నాయని మా మేడమ్ చెప్పినప్పుడు, ఆవిడ మొహం ఎందుకంత వెలిగిపోతోందో నాకు అర్థం కాలేదు. మా లంకల్లో గోదారి పొంగితే పాములు చూరుల్లోకి ఎక్కేవి. వాటినుంచి పారిపోవడమే మాకు తెలుసు. వెదుక్కుంటూ పోవడం ఎక్కడా చూడలేదు.

అవి నేను ఆ అరబ్బు దేశానికి ఇంటిపనికి వెళ్ళిన ఎనభైల తొలి రోజులు. మేడమ్ ఇంగ్లాండు మనిషి. ఆవిడ భర్త సముద్రంలో నూనెబావి మీదికి పనికి వెళ్తే వారాల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. ఐదేళ్ళ పాప. వంటా, పాపను చూసుకోవడమూ నా పని.

ఆ చలికాలం మేడమ్ ఒక కొండమనిషిని కుదుర్చుకుంది. నెరిసిన గడ్డం, చేతికర్ర చివర చిన్న గొడ్డలి. కొండమేకలను తప్పకుండా చూపిస్తానన్నాడు. చిరుత సంగతి మాత్రం అల్లా దయ అన్నాడు. శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. పాప ఉంది కాబట్టి నేనూ వెళ్ళక తప్పలేదు. చీర మీద సారు పాత స్వెట్టరు వేసుకున్నా చలి ఆగలేదు.

కారు నడిపేది జగిత్యాల వైపు అతను. నన్ను చెల్లె అని పిలిచేవాడు.

"పులికి ఎదురు వొయ్యేటోళ్లను గీడనే జూస్తున్న చెల్లె," అన్నాడు మెల్లగా. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు.

ఎండిపోయిన వాగులో కారు ఆపాడు. దాన్నే అక్కడ వాదీ అంటారు. అతన్ని అక్కడే ఉండమని మేము కొండవాలు పట్టుకుని ఎక్కాం. దారి ఒక మనిషికే చాలుతుంది. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క ఏమీ లేదు. పాపను చంకనేసుకుని గోడకేసి చూస్తూ నడిచాను. పైన జనం వదిలేసిన ఊరొకటి ఉంది. రెండు రేగుచెట్లు, ధాన్యం దాచుకోవడానికి రాళ్ళతో కట్టిన గది ఒకటి. అది సగం నేలలోకి దిగి ఉంది.

అక్కడ ముసలాయన చటుక్కున ఆగి వేలు చూపించాడు. నాకు రాళ్ళే కనబడ్డాయి. పాప మాత్రం "గోట్!" అని అరిచింది. మేకలు కొండ అవతలికి దాటేశాయి. వాటి వెనకే పోదామని మేడమ్ పట్టుబట్టింది. ఆ దారి పాపకు కుదరదన్నాడు ముసలాయన.

"తుమ్ ఇధర్ బైఠో," అని రాతిగది చూపించాడు. "బచ్చా బాహర్ నహీ." పిల్లను బయటికి వదలొద్దని.

వాళ్ళు మలుపు తిరిగాక గాలి మారింది. ఎండ పోయింది. కింద వాగులోంచి హారన్ మోగింది. వెనకే డ్రైవరు గొంతు కొండలకు కొట్టుకుని పైకొచ్చింది.

"చెల్లే! వాన వడ్తది! పాపను దీస్కొని జల్ది దిగు!"

నాలుగడుగులు వేశానో లేదో నెత్తిన రాయి పడ్డట్టయింది. వడగళ్ళు. పాప తల కొంగుకింద దాచి, వెనక్కి పరిగెత్తి గదిలో దూరాను. దానికి తలుపుచెక్క లేదు. వంగి దూరే కంత మాత్రమే. అందులోంచి చూస్తుండగానే నేల ఉప్పుమడిలా తెల్లబడిపోయింది.

"స్నో! ఆయా, స్నో!" అని పాప బయటికి ఉరకబోయింది. గౌను పట్టుకుని లాగాను.

అప్పుడు రేగుచెట్టు కింద ఏదో కదిలింది. మేకనుకున్నాను. మేక అలా నడవదు.

బొమ్మల్లో చూసినంత పెద్దది కాదు. రంగు కూడా వెలిసినట్టుంది. ఒళ్ళు తడిసి, వడగళ్ళ మీద అడుగేసిన ప్రతిసారీ ఇంట్లో పిల్లిలాగే కాలు విదిలించుకుంటోంది. అదీ తలదాచుకునే చోటు కోసమే వస్తోందని, అది ఈ గదేనని తెలిసేసరికి పాపను లాక్కుని వెనక గోడకు నక్కాను. పాప నోరు అరచేత్తో మూశాను. పాప ఊపిరి వేడిగా నా వేళ్ళకు తగులుతోంది. దేవుడి పేరు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అది ఆగి తిన్నగా కంతలోకి చూసింది. చెవులు వెనక్కి వాలాయి. చప్పుడేమీ చెయ్యలేదు.

కింద మళ్ళీ హారన్ మోగింది. ఈసారి ఆపకుండా. చిరుత తల తిప్పి, ఒక్క దూకులో గోడెక్కి మాయమైంది.

పాప నోటిమీంచి చెయ్యి తీద్దామంటే వేళ్ళు రాలేదు. అంతలో కొండ కూలినట్టు మోత. వాగు వచ్చింది. హారన్ చటుక్కున ఆగిపోయింది. డ్రైవరు పోయాడనుకున్నాను. మేడమ్ కూడా పోయిందనుకున్నాను. ఈ పిల్లను ఎవరికి అప్పజెప్పాలో తెలియక, దాన్ని వాటేసుకుని కూర్చున్నాను.

"యా బింతీ!" ఓ బిడ్డా, అంటూ ముసలాయన పిలుపు వినబడ్డాక గానీ ఏడుపు రాలేదు. మేడమ్ మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆయన గుమ్మం ముందు కరుగుతున్న అడుగుజాడలు చూసి, "నిమర్," అన్నాడు గుసగుసగా. చిరుత అని. మేడమ్ పాపను ముద్దులాడి, మరుక్షణం ఆ జాడల మీదికి వంగింది.

"నువ్వు చూశావా? ఎలా ఉంది? చెప్పు!"

నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "డ్రైవరు?" అని మాత్రం అనగలిగాను.

నీళ్ళు తగ్గేదాకా ఆగి, ముసలాయన మమ్మల్ని పాత పొలాల గట్ల మీదుగా దించాడు. పాపను ఆయనే వీపున మోశాడు. కారు బండల మధ్య పక్కకు ఒరిగి బురదలో ఇరుక్కుపోయి ఉంది. డ్రైవరు పై గట్టుమీద తడిసి కూర్చుని ఉన్నాడు.

"మీరే వొయిన్రనుకున్న చెల్లె. దిగుతుంటిరేమో, వాగు మీదికొస్తది, దిగొద్దని హారన్ గొట్టుకుంటనే ఉన్న. నీళ్ళు డోర్ల దాక వచ్చినంక దుంకిన," అన్నాడు, కండువాతో మొహం తుడుచుకుంటూ. ఆ హారన్ చిరుతను ఎలా తరిమిందో చెబితే, పాపను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు.

ఆ సాయంత్రం ముసలాయన ఇంటివాళ్ళు వేడి చాయ్ ఇచ్చి, తమ పికప్‌లో మమ్మల్ని ఇంటికి చేర్చారు.

మోకాలు మానగానే మేడమ్ మళ్ళీ కొండలకు బయల్దేరింది. నన్ను రమ్మనలేదు. పాపను నా దగ్గరే వదిలింది. నేను అక్కడున్నన్నాళ్ళూ ఆవిడకు చిరుత కనబడలేదు. ఆవిడ కొండకు వెళ్ళిన ప్రతి శుక్రవారం, పాపను లోపలే ఆడిస్తూ కిటికీలోంచి ఆకాశం కేసి చూసేదాన్ని. ఆవిడ వచ్చి గుమ్మంలో బూట్లు విప్పేదాకా పొయ్యి వెలిగించబుద్ధయ్యేది కాదు.