పాన్ కార్డు మీది సంతకం

నాచారంలో నేను పనిచేసిన ఆఫీసు ఒక విదేశీ అశ్లీల వీడియోల సైటుకు కాగితాలు సరిచూసేది. వీడియోలో ఉన్నవారి వయసుకూ, సమ్మతికీ రుజువుండాలని అక్కడి చట్టం. ఒకామె పాన్ కార్డులో ముప్పై రెండేళ్లు కనిపించాయి, సమ్మతి పత్రం మీద సంతకమూ ఉంది. సరేనని పంపేశాను.

వారానికి ఆమే ఫోన్ చేసింది. తెలుగు వచ్చినదాన్నని నాకిచ్చారు.

"అక్కా, నా మొగుడు నాకు ఎర్క లేకుండ తీసిండు. నేను తెలుగుల సంతకం పెడ్త. మీరు జర సూడలేదా?"

కార్డు మళ్లీ తెరిచాను. అందులో తెలుగు సంతకం, పత్రం మీద ఇంగ్లీషు సంతకం.

వీడియో వెంటనే తీయించాను. అప్పటికే ఎవరో గుర్తుపట్టడంతో ఆమె ఉప్పల్‌లో బట్టల షాపు ఉద్యోగం మానేసిందట. తప్పు నాదని మాత్రం చెప్పలేదు. ఫిర్యాదు నమోదు చేసుకున్నామన్నాను.