నిప్పంటుకోని మంచు

బెంగాలీ ఊరు లిలువాకు వలసొచ్చి, రైల్వే కొలువు దొరకని తెలుగువాళ్లకు రేకుల షెడ్లు దొరికేవి. మా నాన్నకు దొరికిన షెడ్డులో బాయిలర్లకు చుట్టే ఆస్బెస్టాస్ దుప్పట్లు కుట్టేవారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా తెల్లగా ఉండేవాడు. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, చొక్కా విప్పించి, గోడకేసి దులిపాకే లోపలికి రానిచ్చేది. శుభ్రమంటే మా ఇంట్లో అంత పట్టింపు.

మా చర్చిలో క్రిస్మస్ చెట్టుకు దూది అతికించి మంచు అనేవాళ్లం. మంచు మొహం చూడని సముద్రపొడ్డు నుంచి వచ్చిన జనానికి దాని మీద ఎంత మోజో! ఓ ఏడాది కొవ్వొత్తి దూదికి అంటుకుని చెట్టు సగం కాలింది. మరుసటి ఏడు నాన్న షెడ్డు నుంచి గోనెసంచీ నిండా తెల్లని పీచు తెచ్చి, అందరి ముందూ అగ్గిపుల్ల గీసి పెట్టాడు. అంటుకోలేదు. "ఇంక బయం నేదు, పిల్లలు ఎంత ఆడుకున్నా పర్నేదు" అన్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. పిల్లలం గుప్పిళ్లతో ఒకరి మీద ఒకరం చల్లుకున్నాం. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అదే సంచీ.

నేను పెద్దయ్యేనాటికి నాన్నకు ఆయాసం ముదిరింది. ఛాతీ డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్నది ఆ పీచేనన్నాడు. ఇంట్లో ఉంటే దులపవద్దని, తడిపి, మూటకట్టి పూడ్చెయ్యమని చెప్పాడు. షెడ్డు యజమానికి చెబుతారా అని అడిగితే కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అందరూ దాదా అని పిలిచే యూనియన్ నాయకుడికి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. "షెడ్డు మూయించి అందరి పొట్టా కొడతావా దీదీ?" అన్నాడు. చలికాలం మొదట్లో నాన్న పోతే శవపేటిక మీద ఎర్రజెండా కప్పి నినాదాలు మాత్రం బాగా ఇచ్చారు.

క్రిస్మస్ దగ్గరపడ్డాక సంఘపెద్ద మా మంచం కింది సంచీ కోసం వచ్చాడు.

"సెల్లీ, బావ గుర్తుగా ఈ యేడు సెట్టంతా ఆ మంచే ఎయ్యాలి."

అమ్మ కళ్లొత్తుకుంది. నేను డాక్టరు మాట చెప్పాను. పెద్ద నవ్వాడు.

"మంటల్లో మండందానికి మనిసిని సంపే సత్తువ ఎక్కడిదే?"

అమ్మ నవ్వలేదు. "మీ నాన్న తెచ్చిందే మీ నాన్నని సంపీసిందంటావేటే?" అంటూ నా చెంప పగలగొట్టింది.

సంఘపెద్దను సాగనంపడానికి అమ్మ వీధిలోకి వెళ్లగానే సంచీని పెరట్లోకి లాగి బకెట్లతో నీళ్లు కుమ్మరించాను. పీచంతా ముద్దయింది. పొరుగింటికెళ్లి పార తెచ్చేసరికి సంచీ లేదు.

సంఘం ఆడవాళ్లు దాన్ని చర్చి మేడ మీద ఎండబెట్టారు. ఎండకు అది అట్టకట్టింది. మళ్లీ మంచులా విచ్చుకోవాలని, పరుపు దూదిని కొట్టినట్టు కర్రలతో కొట్టారు. ధూళి గల్లీ మీదికి దిగుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని మంచు పడుతోందని గంతులేశారు. లోపలికి పొండని నేను అరిస్తే ఇంకా గట్టిగా గంతులేశారు.

మేడ మీద అందరికన్నా గట్టిగా కొడుతున్నది అమ్మే. ఆమె మీద నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. పరుగున మెట్లెక్కి కర్ర పట్టుకున్నాను. అమ్మ ఆగి నావైపు చూసింది. కనుబొమల దాకా తెల్లగా ఉంది.

"సూడు, అచ్చం మీ నాన్నలా ఉన్నాను గదేటే?" అంది.

నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.